అర్జీ పట్టుకుని నిలబడ్డ అధ్యక్షుడు



అర్జీ. ఈ మాట తెలియని తెలుగువాళ్లు ఉండరు. ఊళ్లో బోరు పాడైతే అర్జీ, పింఛను ఆగిపోతే అర్జీ, గట్టు తగువు తేలకపోతే అర్జీ. పదిమంది కలిసి సంతకాలు చేస్తే దాన్నే మహజరు అంటాం. అర్జీ పెట్టుకున్న మనిషికి ముందుగా కావలసింది ఒకటే. ఎదుటివాడు ఆ కాగితం చేతిలోకి తీసుకోవాలి. పని అవుతుందా, అవదా అన్నది తర్వాతి సంగతి. అసలు కాగితమే ముట్టుకోనంటే ఆ మనిషి గోడు ఎవరితో చెప్పుకోవాలి?

జనం పెట్టుకున్న అర్జీని సభ అందుకుని తీరాలని ఎనిమిదిన్నరేళ్ల పాటు పోరాడిన ఒక అమెరికా అధ్యక్షుడి గురించి ఈ రోజు మీతో మాట్లాడతాను. ఆయన పేరు జాన్ క్విన్సీ ఆడమ్స్. అమెరికాకు ఆరో అధ్యక్షుడు. అధ్యక్షుడిగా ఉన్నది 1825 నుంచి 1829 దాకా, నాలుగేళ్లు. నేను చెప్పబోయే పోరాటం మాత్రం ఆ నాలుగేళ్లలో జరిగింది కాదు. పదవి పోయి, ఇంటికి చేరి, మళ్లీ మామూలు సభ్యుడిగా చట్టసభ మెట్లెక్కిన తర్వాత జరిగింది.

ముందు మనిషిని పరిచయం చేస్తాను.

ఆడమ్స్ 1767 జూలై 11న మసాచుసెట్స్‌లోని బ్రెయిన్‌ట్రీలో పుట్టారు. ఆయన పుట్టిన ఆ భాగాన్ని ఇప్పుడు క్విన్సీ అంటారు. తండ్రి జాన్ ఆడమ్స్ తర్వాతి కాలంలో అమెరికా రెండో అధ్యక్షుడయ్యారు. తల్లి అబిగేల్ గొప్ప చదువరి, ధైర్యవంతురాలు. 1775 జూన్ 17న, కొడుక్కి ఇంకా ఎనిమిదేళ్లు నిండకముందే, ఆమె అతన్ని ఇంటి దగ్గరున్న కొండ మీదికి తీసుకెళ్లారు. దూరంగా బంకర్ హిల్ దగ్గర స్వాతంత్ర్య యుద్ధం జరుగుతోంది. ఫిరంగుల మోత వినిపిస్తోంది. చార్లెస్‌టౌన్ పట్టణం తగలబడుతోంది. ఆ రోజు ఆ యుద్ధంలో డాక్టర్ జోసెఫ్ వారెన్ చనిపోయారు. ఆయన ఆ ఇంటి వైద్యుడు. ఈ పిల్లవాడి చూపుడువేలు విరిగితే, దాన్ని తీసేయాల్సిన అవసరం లేకుండా నయం చేసింది ఆయనే. స్వాతంత్ర్యం అంటే ఏమిటో ఆ పిల్లవాడు పుస్తకంలో చదివి తెలుసుకోలేదు. తనకు వైద్యం చేసిన మనిషి చావుతో తెలుసుకున్నాడు.

పదేళ్ల వయసులో తండ్రి వెంట ఓడెక్కి ఫ్రాన్స్ వెళ్లారు. పద్నాలుగేళ్లకే అమెరికా దూతకు కార్యదర్శిగా అప్పటి రష్యా రాజధాని సెయింట్ పీటర్స్‌బర్గ్ చేరారు. 1779లో మొదలుపెట్టిన డైరీని చనిపోయే ఏడాది దాకా రాశారు. అది 51 సంపుటాలైంది. ఆ తర్వాత హార్వర్డ్ చదువు, న్యాయవాద వృత్తి, నెదర్లాండ్స్‌లో, ప్రష్యాలో, రష్యాలో, ఇంగ్లండ్‌లో రాయబార పదవులు. 1817 నుంచి ఎనిమిదేళ్లు విదేశాంగ మంత్రి. స్పెయిన్ నుంచి ఫ్లోరిడాను రాబట్టిన 1819 ఒప్పందం ఆయన కుదిర్చిందే. యూరప్ దేశాలు అమెరికా ఖండాల్లో కొత్తగా వలసలు పెట్టకూడదని చెప్పిన మన్రో సిద్ధాంతం వెనక ఉన్న బుర్ర కూడా ఎక్కువగా ఆయనదే.

ఇంత అనుభవం ఉన్న మనిషి అధ్యక్షుడైతే దేశాన్ని బ్రహ్మాండంగా నడపాలి కదా! అలా జరగలేదు.

1824 ఎన్నికలో నలుగురు పోటీపడ్డారు. యుద్ధవీరుడు ఆండ్రూ జాక్సన్‌కు 99 ఎలక్టోరల్ ఓట్లు, ఆడమ్స్‌కు 84, క్రాఫర్డ్‌కు 41, హెన్రీ క్లేకు 37 వచ్చాయి. గెలవడానికి కావలసిన 131 ఎవరికీ రాలేదు. రాజ్యాంగం ప్రకారం తీర్పు ప్రతినిధుల సభ చేతికి వెళ్లింది. అక్కడ రాష్ట్రానికొక ఓటు. 13 రాష్ట్రాలు ఆడమ్స్‌ను ఎన్నుకున్నాయి. తనకు మద్దతిచ్చిన క్లేను ఆయన విదేశాంగ మంత్రిగా నియమించారు. ఇది లోపాయికారీ బేరమని జాక్సన్ పక్షంవాళ్లు ఊరూరా చాటారు. ఆ మచ్చ పదవిలో ఉన్న నాలుగేళ్లూ ఆయన్ను వదల్లేదు. జాతీయ విశ్వవిద్యాలయం పెడదామన్నారు, ఖగోళ వేధశాల కట్టిద్దామన్నారు, రోడ్లు వేయిద్దామన్నారు, కాలువలు తవ్విద్దామన్నారు. సభ్యులు వెక్కిరించారు. 1828లో జాక్సన్ 178 ఓట్లతో గెలిచారు. ఆడమ్స్‌కు వచ్చినవి 83. పదవి దిగిన కొద్ది వారాలకే పెద్దకొడుకు జార్జ్ చనిపోయాడు. అరవై దాటిన వయసు, ఓడిపోయిన పదవి, పోయిన కొడుకు. అప్పట్లో ఎవరైనా ఆయన కథ ఇంతటితో ముగిసిందనే అనుకుని ఉంటారు.

1830లో సొంత ఊరి చుట్టుపక్కలవాళ్లు వచ్చి ఒక మాట అడిగారు. ప్రతినిధుల సభకు నిలబడతారా అని. ఇంట్లోవాళ్లకు ఇష్టం లేదు. అధ్యక్ష పదవి చేసిన మనిషి కింది సభలో వందలమందిలో ఒకడిగా కూర్చోవడం పరువు తక్కువ కదా అని లోకం అనుకుంది. ఆడమ్స్ అలా అనుకోలేదు. జనం ఎన్నుకుంటే ఏ సభలో కూర్చున్నా చిన్నతనం కాదన్నారు. గెలిచారు. అధ్యక్షుడిగా ఎన్నికైన రోజు కూడా తనకు ఇందులో సగం తృప్తి కలగలేదని డైరీలో రాసుకున్నారు. 1831 డిసెంబరులో సభలో అడుగుపెట్టేనాటికి ఆయన వయసు 64. మాజీ అధ్యక్షుల్లో ప్రతినిధుల సభకు వెళ్లిన మనిషి అప్పుడూ ఇప్పుడూ ఆయనొక్కరే.

వెళ్లిన మొదటి నెలలోనే ఆయన చేతికి కొన్ని అర్జీలు వచ్చాయి. పెన్సిల్వేనియాలోని క్వేకర్లు అనే క్రైస్తవ శాఖవాళ్లు పంపినవి. దేశ రాజధాని వాషింగ్టన్‌లో బానిసత్వాన్ని, బానిసల వ్యాపారాన్ని రద్దు చేయండి అని వాళ్ల విన్నపం.

శ్రోతలారా, అప్పటి అమెరికా ఎలా ఉందో ఒక్కమాట గుర్తుచేసుకోవాలి. దేశంలో దాదాపు 20 లక్షలమంది బానిసలు. మనుషుల్ని సంతలో పశువుల్లా కొనడం, అమ్మడం చట్టం ఒప్పుకున్న పని. ఇంకొక విచిత్రం వినండి. రాష్ట్రానికి ఎన్ని సీట్లు ఇవ్వాలో జనాభాను బట్టి లెక్క కడతారు కదా. ఆ లెక్కలో ఐదుగురు బానిసలను ముగ్గురిగా చేర్చుకునేవారు. బానిసకు ఓటు లేదు. కానీ అతని తల లెక్క చూపించి, అతన్ని కట్టేసిన యజమానుల రాష్ట్రం సభలో అదనపు సీట్లు సంపాదించేది. ఆ సీట్ల బలంతోనే బానిసత్వం మాట సభలో వినపడకుండా చేయగలిగారు.

ఆడమ్స్ మొదటినుంచీ బానిసల పక్షాన నిలబడ్డారని చెబితే అబద్ధమవుతుంది. బ్రిటన్‌తో 1812 యుద్ధం జరిగినప్పుడు ఆంగ్ల సేనల వెంట వెళ్లి స్వేచ్ఛ పొందిన బానిసలకు వాళ్ల యజమానుల తరఫున పరిహారం అడిగిన అధికారుల్లో ఆయనా ఉన్నారు. 1820లో మిస్సోరిని బానిసత్వం ఉన్న రాష్ట్రంగా చేర్చుకోవాలా వద్దా అన్న వాదం రేగినప్పుడు బానిసత్వాన్ని డైరీలో దుయ్యబట్టారు, బయట పెదవి విప్పలేదు. క్వేకర్ల అర్జీలు సమర్పించిన రోజున కూడా, వాళ్ల కోరికకు తాను మద్దతివ్వనని సభకు చెప్పారు. అర్జీ ఇచ్చారు కాబట్టి తెచ్చాను, అంతే అన్నట్టు మాట్లాడారు. అలాంటి మనిషిని మార్చింది ఆ అర్జీలకు సభ ఇచ్చిన జవాబు.

అప్పటికి ఉత్తర రాష్ట్రాల్లో బానిసత్వ వ్యతిరేక సంఘాలు బలపడుతున్నాయి. ఊరూరా సంతకాలు సేకరిస్తున్నారు. ఈ పని ఎక్కువగా చేసింది ఆడవాళ్లు. వాళ్లకు ఓటు లేదు. ఉన్నదల్లా సంతకం. ఇంటింటికీ తిరిగారు, తలుపులు తట్టారు, తిట్లు తిన్నారు. కాగితం కింద కాగితం అతికించి, చుట్టలు చుట్టి వాషింగ్టన్‌కు పంపారు.

దక్షిణాది సభ్యులకు ఇది కంటగింపైంది. 1836 మే 26న సభ ఒక తీర్మానం చేసింది. బానిసత్వం ఊసున్న ఏ అర్జీ వచ్చినా అచ్చువేయకూడదు, కమిటీకి పంపకూడదు, చర్చించకూడదు. నేరుగా బుట్టదాఖలు. 117 మంది అవునన్నారు, 68 మంది కాదన్నారు. దీనికి జనం పెట్టిన పేరు గ్యాగ్ రూల్, అంటే నోట్లో గుడ్డలు కుక్కే నిబంధన. ఓటు కోసం తన పేరు పిలిచినప్పుడు ఆడమ్స్ లేచి నిలబడి, ఇది రాజ్యాంగాన్నీ, ఈ సభ నియమాలనూ, నన్ను పంపిన ప్రజల హక్కులనూ నేరుగా ఉల్లంఘించడమే అన్నారు. కూర్చోమని నాలుగువైపుల నుంచీ కేకలు లేచాయి.

అమెరికా రాజ్యాంగానికి 1791లో చేసిన మొదటి సవరణలో వాక్ స్వాతంత్ర్యం, పత్రికా స్వాతంత్ర్యం పక్కనే ఇంకో హక్కు ఉంది. కష్టం తీర్చమని ప్రభుత్వానికి విన్నవించుకునే హక్కు. ఆడమ్స్ ఆ ఒక్క హక్కును పట్టుకున్నారు. ఆయన వాదన చాలా తేలిక. అర్జీ మంజూరు చేయాలా వద్దా అన్నది మీ ఇష్టం, కానీ అందుకోవడం మీ విధి. తీసుకుని, చదివి, కాదనండి. తీసుకోనే తీసుకోమంటే మీరు ప్రజల ప్రతినిధులు కారు.

ఇక అక్కడినుంచి సభలో ఆయన చేసిన పని ఓర్పుకు పరాకాష్ఠ. అర్జీల రోజు వస్తే చాలు, బల్ల మీద కట్టలు కట్టలుగా కాగితాలు. ఒకటి ఇస్తే స్పీకర్ వద్దంటారు. ఇంకొకటి తీస్తారు. అదీ వద్దంటారు. మరొకటి.

1837 ఫిబ్రవరి 6న ఒక కాగితం చేతబట్టుకుని స్పీకర్‌ను అడిగారు. తాము బానిసలమని చెప్పుకుంటూ 22 మంది సంతకాలూ గీతలూ పెట్టిన అర్జీ ఇది, దీన్ని సమర్పించవచ్చా అని. సభ భగ్గుమంది. బానిస అర్జీ పెట్టుకోవడమా! ఆడమ్స్‌ను అభిశంసించాలన్నారు. గొడవ బాగా ముదిరాక ఆయన నెమ్మదిగా చెప్పారు. అయ్యా, ఇందులో ఏమడిగారో మీరెవరూ అడగలేదు, వీళ్లు కోరింది రద్దు కాదు, దానికి వ్యతిరేకం అని. అర్జీ చదవకుండానే శిక్ష వేయబోయిన సభ నోరు అక్కడితో మూతపడింది. కాన్‌స్టాంటినోపుల్ సుల్తాను కూడా వీధిలో నడుస్తుంటే అతి పేదవాడి అర్జీ కాదనలేడని, మనం అంతకన్నా కఠినులమా అని ఆయన నిలదీశారు. అయినా బానిసలకు అర్జీ పెట్టే హక్కు లేదని సభ భారీ మెజారిటీతో తీర్మానించింది.

మరుసటి ఏడాది మేరీలాండ్ సభ్యుడొకరు, ఆడవాళ్లు ఇల్లు చక్కబెట్టుకోక ఈ అర్జీలెందుకని ఆక్షేపించారు. 1838 జూన్, జూలై నెలల్లో మూడు వారాల పాటు, ఉదయం దొరికిన కొద్దిపాటి సమయంలో, ఆడమ్స్ దానికి జవాబు చెప్పారు. బైబిల్‌లో తన జాతి ప్రాణాల కోసం రాజును వేడుకున్న ఎస్తేరు ఆడది కాదా అన్నారు. స్వాతంత్ర్య యుద్ధంలో ఆడవాళ్లు చేసిన సేవను ఏకరువు పెట్టారు. ఓటు లేని ఆడవాళ్ల సంతకానికి చట్టసభలో అంత గట్టిగా నిలబడ్డ మగవాళ్లు ఆ కాలంలో అరుదు.

ఈ మధ్యలోనే ఇంకొక పెద్ద బాధ్యత నెత్తిన పడింది. అదీ ఒకరకంగా అర్జీయే.

1839లో క్యూబా తీరాన అమిస్టాడ్ అనే ఓడలో 53 మంది ఆఫ్రికన్లను బానిసలుగా తరలిస్తున్నారు. వాళ్లు సియెర్రా లియోన్ ప్రాంతం నుంచి ఎత్తుకొచ్చిన మనుషులు. సెంగ్బే పియే అనే యువకుడి నాయకత్వంలో తిరగబడి ఓడను వశం చేసుకున్నారు. ఆఫ్రికా వైపు నడపమని, ఓడలోనే ఉన్న, తమను కొన్న ఇద్దర్నీ ఆజ్ఞాపించారు. పగలు తూర్పుకు నడిపి, రాత్రిళ్లు ఉత్తరానికి తిప్పుతూ ఆ ఇద్దరూ మోసం చేశారు. చివరకు అమెరికా నౌకాదళం ఓడను పట్టుకుంది. ఆ ఆఫ్రికన్లను కనెక్టికట్‌లో జైల్లో పెట్టారు.

వాళ్ల భాష ఎవరికీ తెలియదు. అప్పుడు జోసయా గిబ్స్ అనే ఆచార్యుడు జైలుకు వెళ్లి, వేళ్లు చూపిస్తూ ఒకటి నుంచి పది దాకా వాళ్ల అంకెలు నేర్చుకున్నారు. ఆ అంకెలు పైకి లెక్కపెడుతూ రేవుల్లో తిరిగారు. జేమ్స్ కోవీ అనే నావికుడికి ఆ మాటలు అర్థమయ్యాయి. అది మెండే భాష. అలా దుబాసీ దొరికాడు. వాళ్ల కథ లోకానికి తెలిసింది. పది అంకెలు తెలియడంతో ఇన్ని ప్రాణాలకు నోరొచ్చింది.

అమెరికా ప్రభుత్వం వాళ్లను, అప్పట్లో క్యూబాను ఏలుతున్న స్పెయిన్‌కు అప్పగించాలనుకుంది. కింది కోర్టు వాళ్ల పక్షాన తీర్పు చెప్పినా సర్కారు అప్పీలు చేసింది. బానిసత్వ వ్యతిరేకులు ఆడమ్స్‌ను సుప్రీంకోర్టులో వాదించమని బతిమాలారు. వయసు 73. ఆ కోర్టులో వాదించి 30 ఏళ్లు దాటింది. సంకోచించి, చివరకు ఒప్పుకున్నారు. కొత్తగా ఇంగ్లీషు నేర్చుకున్న కాలే అనే పిల్లవాడు జైలు నుంచి ఆయనకు ఉత్తరం రాశాడు. మేమూ ఆలోచించే మనుషులమే, మమ్మల్ని విడిపించమని కోర్టుకు చెప్పండి అని దాని సారాంశం. 1841 ఫిబ్రవరి 24న, మార్చి 1న ఆడమ్స్ గంటల తరబడి వాదించారు. కోర్టు హాల్లో వేలాడుతున్న స్వాతంత్ర్య ప్రకటన వైపు చెయ్యి చూపి, ఈ కేసుకు వర్తించే చట్టం అదేనన్నారు. మార్చి 9న తీర్పు వచ్చింది. వాళ్లు స్వతంత్రులు. మిగిలిన 35 మంది కొన్ని నెలల తర్వాత ఓడెక్కి సొంత గడ్డకు చేరారు.

మళ్లీ సభకు వద్దాం. 1842 జనవరిలో ఆడమ్స్ ఇంకొక అర్జీ తెచ్చారు. మసాచుసెట్స్‌లోని హేవరిల్ పట్టణం నుంచి 46 మంది రాశారు. బానిసత్వం ఉన్న రాష్ట్రాలతో మాకు పొసగదు, అమెరికా సమాఖ్యనే రద్దు చేయండి అని. ఆ కోరిక ఆడమ్స్‌కు ఏమాత్రం నచ్చలేదు. దేశం ముక్కలు కావాలని ఆయన ఏనాడూ కోరలేదు. అయినా తెచ్చారు. దీన్ని ఎందుకు మంజూరు చేయకూడదో కారణాలు చెప్పి జవాబివ్వండి అన్నారు. ఆయన పట్టుకున్న సూత్రం ఎంత గట్టిదో ఇక్కడే తెలుస్తుంది. మనకు నచ్చిన అర్జీని ఎవరైనా మోస్తారు. నచ్చని అర్జీని కూడా మోసినప్పుడే అది హక్కు అనిపించుకుంటుంది.

దేశద్రోహం అన్నారు. మళ్లీ అభిశంసన తీర్మానం. నిందితుడిలా నిలబడిన ఆ 74 ఏళ్ల వృద్ధుడు, స్వాతంత్ర్య ప్రకటన మొదటి పేరా చదవమని గుమాస్తాను కోరారు. ప్రభుత్వాన్ని మార్చుకునే హక్కు ప్రజలకుందని ఈ దేశం పుట్టిన రోజే రాసుకున్నాం కదా అన్నారు. రెండు వారాల పాటు తన కేసు తానే వాదించుకున్నారు. చంపుతామని బెదిరింపు ఉత్తరాలు వచ్చాయి. చివరకు అలసిపోయింది సభే. ఫిబ్రవరి 7న 106 మంది ఒకవైపు, 93 మంది ఒకవైపు నిలిచి, ఆ తీర్మానాన్ని పక్కన పెట్టేశారు. అర్జీలను బుట్టదాఖలు చేసిన సభ, ఆడమ్స్ మీద తెచ్చిన అభిశంసననే బుట్టదాఖలు చేసుకుంది.

1844 డిసెంబరు 3న గ్యాగ్ రూల్ రద్దు చేయాలని ఆడమ్స్ పెట్టిన తీర్మానం నెగ్గింది. అవునన్నవారు 108, కాదన్నవారు 80. ఆ రాత్రి డైరీలో ఆయన దేవుడికి కృతజ్ఞత చెప్పుకున్నారు.

ప్రతినిధుల సభలో గడిపిన 17 ఏళ్లలో ఆయన చేసిన ఇంకో మేలు కూడా చెప్పాలి. జేమ్స్ స్మిత్సన్ అనే ఆంగ్ల శాస్త్రజ్ఞుడు జ్ఞానవ్యాప్తి కోసం అమెరికాకు ఐదు లక్షల డాలర్లకు పైగా ఆస్తి రాసిచ్చారు. ఆ సొమ్ము రాజకీయుల చేతుల్లో కరిగిపోకుండా ఏళ్ల తరబడి కాపలా కాసింది ఆడమ్సే. 1846లో స్మిత్సోనియన్ సంస్థ ఏర్పడింది. అధ్యక్షుడిగా వేధశాల అడిగితే నవ్వారని చెప్పాను. 1843లో, 76 ఏళ్ల వయసులో, చలికాలపు ప్రయాణం చేసి సిన్సినాటిలో ఒక వేధశాలకు ఆయన చేతులతోనే శంకుస్థాపన చేశారు.

1848 ఫిబ్రవరి 21. మెక్సికో మీద జరిగిన యుద్ధం అన్యాయమని ఆడమ్స్ నమ్మకం. ఆ యుద్ధంలో పోరాడిన సేనాధికారులను సత్కరించే విషయం ఆ రోజు ఓటుకు వచ్చింది. ఆయన గట్టిగా కాదన్నారు. కాసేపటికి బల్ల మీద ఒరిగిపోయారు. స్పీకర్ గదిలోకి మోసుకెళ్లారు. రెండు రోజుల తర్వాత, 23న, అక్కడే కన్నుమూశారు. వయసు 80. అప్పుడు ఆ సభలో ఇల్లినాయ్ నుంచి కొత్తగా వచ్చిన సభ్యుడొకరున్నారు. అంత్యక్రియల ఏర్పాట్ల సంఘంలో ఆయన్నూ వేశారు. ఆయన పేరు అబ్రహాం లింకన్. యుద్ధం వస్తే యుద్ధకాలపు అధికారంతో బానిసలను విడుదల చేయవచ్చని ఆడమ్స్ ఆ సభలోనే వాదించారు. 1863లో లింకన్ విముక్తి ప్రకటన చేసినప్పుడు ఆధారంగా తీసుకున్నది ఆ యుద్ధకాలపు అధికారాన్నే.

శ్రోతలారా, ఆడమ్స్ నాలుగేళ్లు అధ్యక్షుడు, 17 ఏళ్లు సభ్యుడు. ఆ నాలుగేళ్లలో తలపెట్టిన పెద్ద పనులు చాలావరకు కాగితాల్లోనే మిగిలాయి. ఈ 17 ఏళ్లలో చేసిన పని మిగిలింది. పదవిలో ఉన్నప్పుడు ఆయన ప్రజలకు ఏం చేయాలో తానే ఆలోచించి చెప్పారు. పదవి దిగాక ప్రజలు ఏం చెబుతున్నారో విని, దాన్ని మోశారు. ఆ తేడాలోనే ఆయన గొప్పతనం ఉందని నా నమ్మకం.

మీలో చాలామంది ఏదో ఒక బల్లకు అటువైపో ఇటువైపో కూర్చునేవారే. ఇటువైపు నిలబడితే, మీ అర్జీ అందుకోమని అడగడం మీ హక్కు. తలవంచుకుని అడగక్కర్లేదు. అటువైపు కూర్చుంటే, వచ్చిన కాగితాన్ని చేత్తో తీసుకోండి, చివరిదాకా చదవండి, కాదనవలసి వస్తే ఎందుకు కాదంటున్నారో చెప్పండి.